బొచ్చు రాలే కుక్కా, తక్కువ రాలే కుక్కా: సంకరజాతి కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు

పిల్లలు కుక్క కావాలని పట్టుబట్టినప్పుడు దానికి ఏ పేరు పెట్టాలి, ఏ రంగు బాగుంటుంది అన్న చర్చ హాల్లో సాగుతుండగా, రోజూ ఇల్లు ఊడ్చి బట్టలు మడతపెట్టే మనిషి మాత్రం ఒక్కటే అడుగుతారు: దాని బొచ్చు ఎంత రాలుతుంది? అడగవలసిన ప్రశ్న అదే. తెచ్చిన ఆరు నెలలకే కుక్కను వరండాకో, ఊళ్లో తాతగారి తోటకో సాగనంపిన ఇళ్లను నేను కొన్నింటిని చూశాను. ఆ ఇళ్లలో గొడవ కుక్క అరుపుతో మొదలుకాలేదు, కరవడంతోనూ మొదలుకాలేదు. సోఫా మీద, దేవుడి గదిలో, పప్పు గిన్నెలో కనిపించిన వెంట్రుకతో మొదలైంది.

అమ్మేవారు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉంటారు. "ఈ క్రాస్ అస్సలు రాలదండీ" అంటారు. అస్సలు రాలని కుక్క లేదు. ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరిగి, కొంతకాలం ఆగి, ఆ తరువాత ఊడిపోతుంది. మన తలవెంట్రుకల సంగతీ అంతే. లాబ్రడార్ వెంట్రుక తక్కువ కాలం పెరిగి ఎక్కువ కాలం ఆగి ఉంటుంది, కాబట్టి ఊడటానికి సిద్ధంగా ఉన్న వెంట్రుకలు దాని ఒంటి మీద ఎప్పుడూ వేలల్లో ఉంటాయి. పూడిల్ వెంట్రుక చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది, అందుకే దానికి మనిషికి వేసినట్టే కత్తెర వేయాలి. పైగా దాని బొచ్చు ఉంగరాలు తిరిగి ఉంటుంది గనుక, ఊడిన వెంట్రుక కూడా నేల మీద పడకుండా పక్క వెంట్రుకలకే చుట్టుకుని అక్కడే మిగిలిపోతుంది.

ఎంపిక మొత్తం ఈ చివరి మాట మీదనే ఆధారపడి ఉంటుంది. రాలే కుక్క బొచ్చు నేల మీద పడుతుంది, మీరు ఊడుస్తారు. తక్కువ రాలే కుక్క బొచ్చు దాని ఒంటి మీదనే ఉండిపోతుంది, మీరు దువ్వాలి, దువ్వకపోతే అది జడలు కడుతుంది. పని తగ్గడం లేదు, చీపురు నుంచి దువ్వెనకు మారుతోంది. మీ ఇంట్లో ఏ పనికి చేతులు ఉన్నాయో ముందు తేల్చుకున్న తరువాతే కుక్కను వెతకడం మొదలుపెట్టండి.

మన ఊళ్లలో దొరికే సంకరజాతి కుక్కలను బొచ్చును బట్టి చూస్తే మూడు తీరులు కనిపిస్తాయి. మొదటిది పొట్టి బొచ్చు: దేశీ కుక్క, దేశీకి లాబ్రడార్‌తో కలిసినది, బీగిల్‌తో కలిసినది. ఇవి రాలుతాయి. దేశీ కుక్కకు సాధారణంగా లోపలి మెత్తటి బొచ్చు పలచగా ఉంటుంది గనుక లాబ్రడార్ అంత రాలదు, కానీ ఆ పొట్టి వెంట్రుకలు సూదుల్లా బట్టలోకి గుచ్చుకుంటాయి, సోఫా గుడ్డలో దిగిన వాటిని పట్టకారుతో తీయవలసి వస్తుంది. రెండవది రెండు పొరల బొచ్చు: స్పిట్జ్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ, వీటితో కలిసిన సంకరాలు. మన దగ్గర చాలామంది పమేరియన్ అని పిలిచే తెల్ల కుక్క నిజానికి ఈ స్పిట్జే. వీటికి పైన గరుకు బొచ్చు, కింద దూదిలాంటి బొచ్చు ఉంటాయి. ఆ దూది విడిచే రోజుల్లో మంచాల కింద ఉండలుగా చేరుతుంది, కానీ ఉండలు కట్టేది ఊడ్చుకోవడానికి సులువు అన్నది కూడా నిజమే. మూడవది పెరుగుతూనే ఉండే బొచ్చు: పూడిల్, షిట్జు, మాల్టీస్ రక్తం ఉన్నవి. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు గిరాకీ వీటికే.

రాలడానికి కాలంతోనూ సంబంధం ఉంది, అయితే అది ఎండ వేడి కంటే పగటి నిడివికి ఎక్కువగా లోబడి ఉంటుంది. హైదరాబాదులో ఏడాదిలోని అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలే. అదీగాక ఇంట్లో కుక్క రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు వెలుతురులోనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ రెండు పొరల కుక్క ఒక ఋతువని లేకుండా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా రాలుస్తుంది. న్యూజెర్సీలో స్థిరపడిన మన కుటుంబాలకు ఆ తేడా అయిదున్నర గంటలు దాటుతుంది గనుక, అక్కడ వసంతంలోనూ శరత్తులోనూ కొన్ని వారాలపాటు సంచులకొద్దీ బొచ్చు వస్తుంది. అక్కడి తివాచీ నేల ఆ బొచ్చును పట్టి ఉంచుకుంటుంది, ఇక్కడి టైల్స్ మీద అదే బొచ్చు ఫ్యాను గాలికి గదులన్నీ తిరుగుతుంది. అమెరికాలో ఉన్న బంధువు ఇచ్చిన సలహాను ఇక్కడా, ఇక్కడి సలహాను అక్కడా యథాతథంగా పాటించకపోవడానికి ఇది ఒక కారణం.

ఇక సంకరం సంగతి. రెండు జాతులను కలిపితే రెండింటి మంచి గుణాలూ వస్తాయన్న నమ్మకమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. దీనికి మూలమైన కథ 1989 నాటిది. హవాయిలో చూపులేని ఒక మహిళకు దారి చూపే కుక్క కావలసి వచ్చింది, కానీ ఆమె భర్తకు కుక్కలంటే అలర్జీ. ఆస్ట్రేలియాలో అంధుల కోసం కుక్కలకు శిక్షణ ఇచ్చే సంస్థలో పనిచేస్తున్న వాలీ కాన్రన్ లాబ్రడార్‌ను పూడిల్‌తో కలిపించాడు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలను హవాయికి పంపి చూస్తే, ఆ భర్తకు పడినది మూడింటిలో ఒక్కటే. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఈత. అయినా మూడింటిలో రెండు పనికిరాలేదు. ఆ సంకరానికి వచ్చిన లాబ్రడూడిల్ అన్న పేరు మాత్రం ప్రపంచమంతా పాకింది, ఆ తరువాత కాన్రన్ తాను చేసిన పనికి విచారం వెలిబుచ్చాడు.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంతవరకు తెలుసు. 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కలను పరిశీలించి 2009లో సైన్స్ పత్రికలో వెలువరించిన అధ్యయనం, బొచ్చులోని తేడాలలో అధిక భాగాన్ని మూడు జన్యువులే నిర్ణయిస్తాయని చూపింది. ఒకటి మీసం, గడ్డం, గుబురు కనుబొమలు ఉండాలా అన్నది నిర్ణయిస్తుంది, రెండవది పొడుగును, మూడవది ఉంగరాలను. మీసం గుణం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా బయటపడుతుంది. పొడుగు బొచ్చు గుణం మాత్రం ఇద్దరి నుంచీ వస్తేనే కనిపిస్తుంది. రాలడాన్ని ప్రభావితం చేసే జన్యువు మరొకటి ఉంది గానీ, కంటితో చూసి పోల్చుకోగలిగిన గుర్తు మీసమే: మీసం, గడ్డం ఉన్న కుక్కలు సాధారణంగా తక్కువ రాలుస్తాయి.

ఇంత మాత్రం తెలిస్తే అమ్మేవారి మాటల్లో సగం తూచవచ్చు. పూడిల్‌ను గోల్డెన్ రిట్రీవర్‌తో కలిపితే రెండూ పొడుగు బొచ్చువే గనుక మొదటి తరం పిల్లలు మీసంతో, అలలు తిరిగిన పొడుగు బొచ్చుతో వస్తాయి. అదే పూడిల్‌ను పొట్టి బొచ్చు లాబ్రడార్‌తో కలిపితే మీసం వస్తుంది గానీ బొచ్చు చాలావరకు గరుకుగా, చింపిరిగా ఉంటుంది, కొంత రాలుతుంది కూడా. షిట్జును దేశీ కుక్కతో కలిపినప్పుడు ఇంకా వింతగా ఉంటుంది: పట్టులాంటి బొచ్చును ఆశించిన యజమానికి గడ్డం పెంచిన ముసలి మేకపోతులాంటి పిల్ల దొరుకుతుంది. నా మట్టుకు నాకు ఈ రకం చాలా ఇష్టం, ఎందుకంటే దాని గరుకు బొచ్చు ఎక్కువ రాలదు, త్వరగా జడలూ కట్టదు. మొదటి తరం కుక్కలను రెండిటిని తిరిగి తమలో తాము కలిపితే మాత్రం లెక్క మారుతుంది. ఆ ఈతలో సగటున నాలుగింట ఒక పిల్లకు మీసం గుణం రాదు, దాని మూతి లాబ్రడార్ మూతిలా నున్నగా ఉంటుంది, అది లాబ్రడార్‌లాగే రాలుస్తుంది. మొదటి తరం కుక్కను మళ్లీ పూడిల్‌తో కలిపితే ఆ ప్రమాదం ఉండదు, కానీ పలు పిల్లల బొచ్చు పూడిల్ అంత దట్టమై, పూడిల్ అంత దువ్వకమూ కోరుతుంది. కాబట్టి "ఇది ఏ జాతి?" అని అడిగి ఊరుకోకండి, "దీని తల్లీ తండ్రీ ఏవి, వాటి తల్లిదండ్రులు ఏవి?" అని అడగండి.

పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు ముందు తల్లిని చూపించమనండి. చూపించడానికి వంకలు చెబితే అక్కడి నుంచి వచ్చేయడం మేలు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. నెల రోజుల పిల్లను అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చే వారి మాట బొచ్చు విషయంలో మాత్రం నమ్మదగినది అవుతుందా?

ఎనిమిది వారాల పిల్ల బొచ్చు చూసి మురిసిపోకండి. అది పిల్లబొచ్చు, అన్ని జాతుల పిల్లలకూ మెత్తగానే ఉంటుంది, పెద్దగా రాలదు. ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య అది పోయి అసలు బొచ్చు వస్తుంది. అయితే మూతి అప్పటికే కొంత చెబుతుంది. ముక్కు పైభాగాన, కళ్ల మధ్య, గడ్డం కింద వెంట్రుకలు పక్కలకు విచ్చుకుని పొడుగవుతుంటే మీసం వస్తోందని అర్థం. మూతి నున్నగా, వెంట్రుకలు చర్మానికి అంటుకుని ఉంటే అది రాలే కుక్క కాబోతోంది. ఒకే ఈతలో రెండు రకాలూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

పెద్ద కుక్కను తెచ్చుకునే వారికి ఈ ఊహాగానం అక్కరలేదు. ఏడాది దాటిన సంకరజాతి కుక్క బొచ్చు కళ్లెదుటే ఉంటుంది. నడుము దగ్గర వేళ్లతో పాయ తీసి చూడండి: చర్మం వెంటనే కనిపిస్తే ఒకే పొర, దూదిలాంటిది అడ్డుపడితే రెండు పొరలు. తడి అరచేతితో వీపు మీద తోక నుంచి మెడ వైపు ఎదురు నిమరండి, చేతికి ఎన్ని వెంట్రుకలు అంటాయో చూడండి. తెల్ల కుక్కయితే నల్ల గుడ్డ, నల్ల కుక్కయితే తెల్ల తువ్వాలు వెంట తీసుకువెళ్లి పది నిమిషాలు దాని మీద పడుకోబెట్టండి. ముందురోజే స్నానం చేయించి దువ్వి చూపించారేమో అడగండి, ఎందుకంటే అప్పుడే దువ్విన లాబ్రడార్ కూడా ఒక పూటంతా బుద్ధిగా ఉంటుంది. చెవుల వెనుక, చంకల్లో, పట్టెడ కింద వేలు పెట్టి తడిమితే ఉండలు తగులుతున్నాయంటే అది బహుశా తక్కువ రాలే రకమని, దాన్ని ఇంతవరకు ఎవరూ సరిగా దువ్వలేదని ఒకేసారి తెలిసిపోతుంది.

ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉంటే ఎంపిక వేరు. చాలామంది బొచ్చు రాలకపోతే తుమ్ములు రావనుకుంటారు. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, కుక్క లాలాజలంలోనూ చర్మంలోనూ తయారయ్యే ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైనదాన్ని కాన్ ఎఫ్ 1 అంటారు. అది చర్మపు పొట్టుతో గాలిలోకి లేస్తుంది, నాకినప్పుడు బొచ్చుకు అంటుతుంది. అలర్జీ రాదని పేరుపడిన జాతుల కుక్కలు ఉన్న ఇళ్ల ధూళిని ఇతర కుక్కలు ఉన్న ఇళ్ల ధూళితో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు పోల్చి, ఆ ప్రోటీన్ పరిమాణంలో తేడా కనిపించలేదని 2011లో ప్రకటించారు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్ పరిశోధకులైతే లాబ్రడూడిల్, పూడిల్ వంటి వాటి బొచ్చు నమూనాలలో ఆ ప్రోటీన్ తక్కువగా లేకపోగా ఎక్కువగానే ఉన్నట్టు గమనించారు. కనుక జాతి పేరు చూసి ఉబ్బసం ఉన్న పిల్లవాడి ముందుకు కుక్కను తేకండి. ముందు అలర్జీ వైద్యుడికి చూపించండి. ఆయన సరేనన్న తరువాత, మీరు తేదలచుకున్న అదే కుక్కతో, దాని తోబుట్టువుతో కాదు, వేర్వేరు రోజుల్లో రెండు మూడు గంటలు గడపండి. కొందరికి మగకుక్కల ప్రోస్టేటు గ్రంథిలో తయారయ్యే ఒక్క ప్రోటీన్ మాత్రమే పడదు, అటువంటి వారికి ఆడకుక్క ఇబ్బంది పెట్టకపోవచ్చు. పరీక్షలో ఇది బయటపడుతుంది గనుక వైద్యుడిని అడగడంలో తప్పులేదు. కుక్కకు స్నానం చేయిస్తే ప్రోటీన్ తగ్గుతుంది, కానీ ఆ తగ్గుదల నిలవాలంటే వారానికి రెండుసార్లు చేయించాలి. పడకగదిలోకి రానివ్వకపోవడమే అన్నిటికంటే సులువైన జాగ్రత్త.

అలర్జీ లేని ఇళ్లకు అసలు లెక్క సమయానిదే. పొట్టి బొచ్చు కుక్కకు వారానికి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో పది నిమిషాలు రుద్దితే చాలు, అదీ వరండాలో. రెండు పొరల దానికి మామూలు రోజుల్లో వారానికి మూడుసార్లు, విడిచే రోజుల్లో రోజూ దువ్వాలి. ఎండాకాలం వచ్చిందని దాన్ని గుండు గీయించడం చాలామంది చేసే తప్పు. ఆ పై బొచ్చు ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది, గీసిన తరువాత కొన్ని కుక్కలకు నెలల తరబడి సరిగా మొలవదు. హస్కీ రక్తం ఎక్కువగా ఉన్నదాన్ని రామగుండం ఎండలకు తీసుకువచ్చి ఏసీ గదిలో కట్టేయడం గురించి ఇక్కడ వాదించను, తేకండి అని మాత్రం అంటాను.

తక్కువ రాలే కుక్కకు రోజు విడిచి రోజు కనీసం పావుగంట దువ్వకం కావాలి. పైపైన దువ్వితే చాలదు. బొచ్చును పాయలు పాయలుగా విడదీస్తూ చర్మం కనిపించేదాకా సన్నటి తీగ పళ్లుండే స్లికర్ బ్రష్‌తో దువ్వి, చివర స్టీలు దువ్వెన వేర్ల నుంచి కొసల దాకా ఆగకుండా దిగుతోందో లేదో చూసుకోవాలి. పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే నెలల్లో రెండూ ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి గనుక అప్పుడు రోజూ దువ్వక తప్పదు. స్నానానికి ముందే చిక్కులు తీయాలి, తడిసిన చిక్కు నారతాడులా బిగుసుకుంటుంది. స్నానం తరువాత లోపలిదాకా ఆరబెట్టాలి. విజయవాడ, విశాఖపట్నం వంటి ఉక్క ఊళ్లలో తడి ఆరని జడల కింద చర్మం చెమ్మగిల్లి పుళ్లు పడుతుంది, చెవుల్లో బొచ్చు పెరిగి గాలి ఆడక చీము పడుతుంది. ఆపైన కత్తెర. ఆరు వారాలకోసారి అనుకుంటే ఏడాదికి ఎనిమిది తొమ్మిదిసార్లు, పన్నెండేళ్లు బతికిన కుక్కకు వందసార్లు. మీ ఊళ్లో గ్రూమింగ్ ధర ఎంతో కనుక్కుని వందతో హెచ్చవేసి చూడండి. వచ్చిన మొత్తం చూశాక లాబ్రడార్ బొచ్చు కొంచెం ముద్దుగా కనిపించవచ్చు.

గోమార్ల సంగతి కూడా బొచ్చుతో ముడిపడినదే. పొట్టి బొచ్చు మీద గోమారి కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. దట్టమైన ఉంగరాల బొచ్చులో వారం రోజులు దాక్కుని రక్తం తాగినా తెలియదు. మన వాతావరణంలో ఏడాది పొడవునా ఉండే గోధుమరంగు గోమార్లు ఎర్లికియా, బబీసియా వంటి ప్రాణాంతకమైన జబ్బులను అంటిస్తాయి. బొచ్చు కుక్కను వాకింగ్‌కు తీసుకువెళ్లి వచ్చిన ప్రతిసారీ చెవుల లోపల, మెడ చుట్టూ, కాలివేళ్ల మధ్య వేళ్లతో తడమగలిగిన మనిషి ఇంట్లో ఉండాలి, పశువైద్యుడు చెప్పిన మందు తేదీ తప్పకుండా వేయాలి.

రాలే కుక్కను ఎంచుకున్న ఇంటికి కొన్ని చిట్కాలు చాలు. ఫ్యాను ఆపిన తరువాతే ఊడవండి. తడిగుడ్డ ముందే పెడితే బొచ్చు టైల్స్‌కు అతుక్కుపోతుంది, కాబట్టి ముందు పొడిగా తీసి తరువాత తుడవండి. సోఫా మీద రబ్బరు చేతితొడుగు తొడుక్కుని ఒకే దిశలో రుద్దితే బొచ్చు ముద్దగా వచ్చేస్తుంది. కుక్క పడుకునే చోట దాని రంగుకు దగ్గరగా ఉన్న దుప్పటి వేయండి. వంటగదికీ దేవుడి గదికీ గడప దగ్గర చిన్న అడ్డుతలుపు పెట్టించి, పిల్లప్పటి నుంచే అది దాటకూడదని అలవాటు చేయండి. బొచ్చు ఒళ్లంతా సమంగా కాకుండా గుండ్రటి మచ్చలుగా ఊడినా, చర్మం ఎర్రబడి వాసన వచ్చినా, అదే పనిగా గోక్కున్నా అది మామూలు రాలడం కాదు. గజ్జి, శిలీంధ్రం, థైరాయిడ్ లోపం వంటివి కావచ్చు, వైద్యుడికి చూపించాలి.

ఉదయం ఎనిమిదికి ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇంటికి నేనైతే పెద్దదైన పొట్టి బొచ్చు దేశీ సంకరాన్నే సూచిస్తాను, ఎందుకంటే ఊడవడం వాయిదా వేస్తే ఇల్లు మాసిపోతుందంతే, దువ్వడం వాయిదా వేస్తే కుక్క చర్మం చిట్లిపోతుంది. ఇంట్లో తీరిక ఉన్న పెద్దవారు, ఒళ్లో కుక్కను పెట్టుకుని సాయంత్రం పావుగంట దువ్వడాన్ని కాలక్షేపంగా భావించేవారు ఉంటే మీసాల కుక్క హాయిగా పెరుగుతుంది. ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే, అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి జంతు సంరక్షణ సంస్థల్లో పెద్ద కుక్కలను దగ్గర నుంచి చూసి రండి. తాత్కాలికంగా కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకోవడానికి మీ ఊరి సంస్థలో వీలుందేమో అడగండి. వీలైతే ఒక పదిహేను రోజులు తెచ్చుకుని, ఊడ్చే పని ఒకరికీ దువ్వే పని మరొకరికీ అప్పగించి, పదహారవ రోజున నిర్ణయం వారిద్దరికే వదిలిపెట్టండి.